పాత ఓడల లాగ్‌బుక్కుల్లో దొరికే గాలి లెక్కలు

భూమి మీద మూడింట రెండు వంతులకు పైనే సముద్రం. అక్కడ వాతావరణ కేంద్రం కట్టడానికి జాగా లేదు. నేల మీద పరిస్థితి కాస్త నయం. మధ్య ఇంగ్లండ్ ఉష్ణోగ్రతల పట్టిక 1659 నుంచి మొదలవుతుంది. సముద్రాన్ని ఉపగ్రహాలు గమనించడం మాత్రం మొన్నమొన్నటి సంగతి. మరి 1780లో అట్లాంటిక్ నడిమధ్య గాలి ఎటునుంచి వీచిందో ఎవరు చెప్పాలి? ఆ రోజు ఆ దారిన పోతున్న ఓడవాళ్లే చెప్పాలి. వాళ్లు చెప్పారు కూడా. గంటగంటకూ చూసి, చేత్తో రాసి పెట్టారు. ఆ పుస్తకాలు లండన్, సెవిల్, మాడ్రిడ్, పారిస్, మిడెల్‌బర్గ్ లాంటి చోట్ల పాత పత్రాల భాండాగారాల్లో ఇప్పటికీ ఉన్నాయి. గత ముప్పై ఏళ్లలో వాతావరణ చరిత్రకారులు వాటి మీద పడ్డారు.

ముందుగా తేల్చుకోవాల్సింది వీటిని ఎంతవరకు నమ్మొచ్చు అన్నది. రెండు వందల ఏళ్ల కిందటి నావికుడు, పరికరాలు అంతంతమాత్రం, ఓడ ఊగుతూ ఉంటుంది, నిద్ర సరిగా ఉండదు. అలాంటి మనిషి రాసిన అంకెల మీద ఈనాటి శాస్త్రం నిలబడుతుందా అనిపించడం సహజం. కానీ లాగ్‌బుక్‌ను అతను వాతావరణ శాస్త్రం కోసం రాయలేదు. ఓడ ఎక్కడుందో తెలుసుకోవడానికి రాశాడు. తీరం కనుచూపు మేరలో లేనప్పుడు ఏ దిక్కుకు ఎంత వేగంతో ఎన్ని గంటలు వెళ్లామన్న లెక్కే దారి చూపేది. గాలి ఎటు వీస్తోందో తప్పు రాస్తే, ఓడ పక్కకు ఎంత జరిగిందో కూడా తప్పుతుంది. ఆ తప్పు చివరికి రాతిగుట్టల మీద తేలుతుంది. ప్రాణభయం ఉన్నచోట అబద్ధం రాయడానికి పెద్దగా కారణం ఉండదు.

వేగం కొలిచే పద్ధతి చూస్తే ఆ పని ఎంత క్రమంగా జరిగేదో అర్థమవుతుంది. పావు వృత్తం ఆకారంలో ఒక చెక్క, నీళ్లలో నిలువుగా తేలేలా దాని అంచుకు కాస్త సీసం. దానికి పొడుగాటి తాడు, తాడుకు సమాన దూరాల్లో ముడులు. చెక్కను ఓడ వెనక నీళ్లలోకి వదులుతారు. అది దాదాపు ఉన్నచోటే నిలుస్తుంది, ఓడ ముందుకు పోతుంటే తాడు చుట్ట నుంచి విడిపోతుంది. పక్కన ఒకడు ఇసుక గడియారం పట్టుకుని నిలబడతాడు. ఇసుక అయిపోయేలోగా ఎన్ని ముడులు చేతిలోంచి జారితే అన్ని నాట్ల వేగం. గడియారం 28 సెకన్లదైతే ముడికీ ముడికీ మధ్య 47 అడుగుల 3 అంగుళాలు ఉండాలి. గంటలో ఒక నాటికల్ మైలు పోయే ఓడ 28 సెకన్లలో సరిగ్గా అంత దూరమే పోతుంది. వచ్చిన అంకెను సుద్దముక్కతో పలక మీద రాసేవాళ్లు. రోజుకోసారి పలక మీదివన్నీ పుస్తకంలోకి ఎక్కించి, పలక తుడిచేసేవాళ్లు.

ఆ పుస్తకంలో ఒక పేజీ తెరిస్తే ఎడమ పక్కన గంటలు, తర్వాత నాట్లు, ఫాథమ్‌లు (నాట్‌లో చిన్న భాగాలు), ఓడ నడిచిన దిక్కు, గాలి దిక్కు, చివర వెడల్పాటి గడిలో వ్యాఖ్యలు. పై తెరచాప దించాం, రెండో మడత వేశాం, వాన జల్లులు, ఆగ్నేయం నుంచి పెద్ద అలలు, తూర్పున ఒక తెరచాప కనిపించింది, ఇలా. పేజీ అడుగున మధ్యాహ్నం సూర్యుణ్ని చూసి లెక్కకట్టిన అక్షాంశం, అంచనా వేసిన రేఖాంశం. బ్రిటిష్ నౌకాదళంలో అయితే కెప్టెన్, మాస్టర్, లెఫ్టినెంట్లు ఎవరి పుస్తకం వాళ్లు రాయాలి. ఒకే ఓడ, ఒకే రోజు, మూడు నాలుగు సాక్ష్యాలన్నమాట. అందులో కొన్ని పక్కవాడి పుస్తకం చూసి దించినవేనని తప్పులు కూడా పోలిన విధానం బట్టి తెలిసిపోతుంది.

అసలు తలనొప్పి వీటిని ఇప్పటి లెక్కలోకి మార్చేటప్పుడు మొదలవుతుంది.

తేదీనే తీసుకోండి. ఆ కాలపు నావికుడికి రోజు అర్ధరాత్రి కాదు, మధ్యాహ్నం మొదలయ్యేది, అదీ మన రోజుకు పన్నెండు గంటలు ముందు. సోమవారం మధ్యాహ్నం మూడింటికి వచ్చిన గాలివాన అతని పుస్తకంలో మంగళవారం కింద ఉంటుంది. బ్రిటిష్ నౌకాదళం ఈ పద్ధతిని 1805లో వదిలేసింది. మిగతావాళ్లు ఎవరికి వీలైనప్పుడు వాళ్లు వదిలారు. ఇక రేఖాంశానికి సున్నా ఎక్కడ? 1884లో వాషింగ్టన్ సమావేశం గ్రీనిచ్‌ను ఖాయం చేసేదాకా ఎవరి సున్నా వాళ్లది. ఫ్రెంచివాళ్లు పారిస్ నుంచి, స్పెయిన్‌వాళ్లు కాడిజ్ నుంచి, డచ్‌వాళ్లు టెనెరిఫ్ దీవి నుంచి లెక్కపెట్టేవాళ్లు. కొందరు కెప్టెన్లు చివరగా కంటికి కనిపించిన కొండకొమ్మునే సున్నా అనుకునేవాళ్లు. ఆ కొమ్ము ఏదో పుస్తకంలో వెనక్కి తిరగేసి వెతుక్కోవాలి. ఈ సంగతి మరిచిపోయి అంకెలు ఎక్కిస్తే ఓడలు ఎడారుల మధ్య ప్రయాణం చేస్తున్నట్టు తేలుతుంది. పాత రికార్డులు సరిచూసేవాళ్లు మొట్టమొదట చేసే పరీక్ష అదే: ఓడ నీళ్లలోనే ఉందా?

గాలి దిక్కుకూ ఒక మెలిక ఉంది. దిక్సూచిని 32 భాగాలుగా చేసి రాసేవాళ్లు, అంటే ఒక్కో భాగం 11 డిగ్రీలకు కాస్త ఎక్కువ. ఆ ముల్లు చూపేది అసలు ఉత్తరాన్ని కాదు, అయస్కాంత ఉత్తరాన్ని. 18వ శతాబ్దం చివరికి ఆఫ్రికా దక్షిణ కొస దగ్గర ఈ తేడా 20 డిగ్రీలు దాటింది. భూ అయస్కాంత క్షేత్రం ఏ ఏడు ఎలా ఉందో లెక్కకట్టి దాన్ని సవరించాలి. తమాషా ఏమిటంటే, ఆ క్షేత్రం చరిత్ర తెలిసింది కూడా చాలావరకు ఇలాంటి ఓడ పుస్తకాల నుంచే.

అన్నిటికంటే కష్టం గాలి బలం. గాలి వేగాన్ని కొలిచే పరికరం ఓడల్లో లేదు. మాటల్లోనే రాసేవాళ్లు, ప్రతి దేశానికీ తన మాటలు. బ్రిటిష్ నౌకాదళ అధికారి ఫ్రాన్సిస్ బ్యూఫర్ట్ 1806లో తన డైరీలో 0 నుంచి మొదలయ్యే వరుస ఒకటి రాసుకున్నాడు. అదే తర్వాత ఆయన పేరుతో కొలమానం అయింది. బ్రిటిష్ నౌకాదళం 1838లో దాన్ని తప్పనిసరి చేసింది. ఆ కొలమానం తెరచాపల మీద ఆధారపడింది కాబట్టి నావికుడికి సుళువు. అన్ని తెరచాపలూ ఎత్తిన యుద్ధనౌక ఎంత వేగంగా పోతుంది, ఏ గాలికి ఏ తెరచాప దించాలి, ఇదే లెక్క. ఏ గుడ్డా తట్టుకోలేని గాలి అయితే 12. అంతకుముందు రాసిన మాటలను కూడా ఇదే దారిలో పట్టుకోవచ్చు. ఏ మాట పక్కన ఏ తెరచాప దించినట్టు ఉందో వేల పేజీల్లో చూస్తే ఆ మాట బలం తెలుస్తుంది.

ఆ పనిని పెద్ద ఎత్తున చేసింది క్లైవాక్ అనే ప్రాజెక్టు. యూరోపియన్ యూనియన్ డబ్బుతో 2000 తర్వాత మొదటి మూడు నాలుగేళ్లలో నడిచింది. 1750 నుంచి 1850 దాకా బ్రిటిష్, డచ్, ఫ్రెంచ్, స్పానిష్ ఓడల లాగ్‌బుక్కులను తీసుకుని దాదాపు 2 లక్షల 80 వేల రోజువారీ రికార్డులు తయారుచేసింది. దాంతోపాటు నాలుగు భాషల గాలి మాటలను బ్యూఫర్ట్ అంకెలకు కలిపే నిఘంటువు కూడా. మొత్తం ప్రాజెక్టులో ఎక్కువ కాలం నిలిచేది ఆ నిఘంటువేనేమో. ఎందుకంటే ఇక మీదట ఏ భాండాగారంలో ఏ కొత్త పుస్తకం బయటపడినా, చదవడానికి తాళంచెవి చేతిలో ఉంది.

ఇంత చేసినా బలం అంచనానే. దిక్కు అలా కాదు. ఓడ నడిపేవాడికి గాలి దిక్కు తెలియకపోతే పూట గడవదు, అది అంచనా వేసే విషయం కాదు, ముఖానికి తగిలే విషయం. అందుకే ఇటీవలి మంచి పరిశోధనలు చాలావరకు బలాన్ని పక్కనపెట్టి దిక్కును మాత్రమే వాడుకున్నాయి. పద్ధతి చాలా సాదా. సముద్రంలో ఒక చిన్న ప్రాంతాన్ని గీసుకోవాలి. ఒక్కో నెలలో ఎన్ని రోజులు గాలి ఫలానా వైపు నుంచి వీచిందో లెక్కపెట్టాలి. అంతే. సండర్లాండ్ విశ్వవిద్యాలయ భూగోళ శాస్త్రజ్ఞుడు డెనిస్ వీలర్, స్పెయిన్ పరిశోధకులు కలిసి ఇంగ్లిష్ చానల్‌లో పడమటి గాలుల సూచీని 1685 దాకా వెనక్కి తీసుకెళ్లారు. ఆ నీళ్లలో నౌకాదళం ఓడలు ఏ రోజూ లేకుండా ఉండవు కాబట్టి అంత వెనక్కి వెళ్లడం సాధ్యమైంది. యూరప్ చలికాలం మెత్తగా ఉంటుందా, గడ్డకడుతుందా అన్నది ఆ పడమటి గాలుల మీదే ఆధారపడుతుంది. పశ్చిమ ఆఫ్రికా తీరం దగ్గర నైరుతి గాలి వీచిన రోజులను ఇలాగే లెక్కపెట్టి, అక్కడి రుతుపవనాల బలాన్ని 19వ శతాబ్దం దాకా వెనక్కి వెళ్లి గుర్తించారు. నేల మీద వానమాపకాలు లేని కాలానికి సముద్రం మీది గాలి సాక్ష్యం చెప్పింది.

లాగ్‌బుక్ కూడా దొరకని చోట ప్రయాణపు రోజులే పనికొచ్చాయి. మెక్సికోలోని అకపుల్కో నుంచి ఫిలిప్పీన్స్‌కు వెండి మోసుకెళ్లిన స్పానిష్ ఓడలు ఎప్పుడు బయల్దేరాయో, ఎప్పుడు చేరాయో వలస ప్రభుత్వ కాగితాల్లో ఉంది. 17వ శతాబ్దం నడుమ, ముఖ్యంగా 1640 నుంచి 1670 వరకు, అదే దారికి ఓడలు మునుపటికంటే చాలా ఎక్కువ రోజులు తీసుకున్నాయి. ఓడలు మారలేదు, దారి మారలేదు. ఉష్ణమండల పసిఫిక్ మీద గాలులే మారి ఉండాలని పరిశోధకులు తేల్చారు.

నావికుల రాతలను పోగుచేసి గాలి పటం గీయాలన్న ఆలోచన మాత్రం కొత్తది కాదు. తోకచుక్కతో పేరు నిలిచిపోయిన ఎడ్మండ్ హాలీ 1686లోనే నావికుల నుంచి తెలుసుకున్న వివరాలతో వ్యాపార పవనాలకూ రుతుపవనాలకూ పటం వేశాడు. 19వ శతాబ్దంలో దీన్ని వ్యవస్థగా మార్చినవాడు అమెరికా నౌకాదళ అధికారి మాథ్యూ ఫాంటేన్ మారీ. కాలికి దెబ్బ తగిలి సముద్రం మీద ఉద్యోగానికి పనికిరాకుండా పోయి, 1842లో పటాల, పరికరాల డిపోకు అధిపతిగా కూర్చున్నాడు. అక్కడ మూలన పడి ఉన్న పాత లాగ్‌బుక్కులే ఆయన పెట్టుబడి. మీ ప్రయాణం వివరాలు నా ఫారంలో నింపి తెచ్చివ్వండి, నా గాలుల పటాలు ఉచితంగా తీసుకెళ్లండి అని కెప్టెన్లతో బేరం పెట్టాడు. 1853లో ఆయన చొరవతో బ్రస్సెల్స్‌లో పది దేశాలు కూర్చుని, ఓడల మీద వాతావరణం ఎలా రాయాలో ఒక పద్ధతికి ఒప్పుకున్నాయి. ఆ తర్వాతి లాగ్‌బుక్కులతో ఇంత తంటా ఉండదు.

కలకత్తాలో హెన్రీ పిడింగ్టన్ చేసింది ఇంకో రకం పని. తుపానులో చిక్కి బయటపడిన ఓడల పుస్తకాలన్నీ తెప్పించుకుని, ఒకే సమయానికి ఏ ఓడకు గాలి ఎటునుంచి తగిలిందో పటం మీద గుర్తులు పెట్టేవాడు. ఆ గుర్తులు ఒక కేంద్రం చుట్టూ గుండ్రంగా తిరిగేవి. సైక్లోన్ అన్న పేరు 1840 దశకంలో ఆయన పెట్టిందే. ఆయనకు దొరికిన సాక్ష్యాల్లో చార్లెస్ హెడిల్ అనే ఓడది మరీ విచిత్రం. 1845 ఫిబ్రవరిలో మారిషస్ దగ్గర అది తుపానులో పడి, గాలి ఎటు తోస్తే అటు పరుగెత్తింది. దాని లాగ్‌బుక్‌లోని గాలి దిక్కులను వరుసగా గీస్తే, దాదాపు ఐదు రోజుల్లో ఆ ఓడ తుపాను కేంద్రం చుట్టూ ఐదు ప్రదక్షిణలు చేసిందని తేలింది. ముందుకు సాగింది మాత్రం ఆ తిరిగిన దూరంలో కొద్ది వంతే. ఓడవాళ్లు రోజుకు సుమారు ఒక చుట్టు తిరుగుతూ కూడా గంట గంటకూ దిక్కు రాయడం మానలేదు. తుపాను గుండ్రంగా తిరుగుతుందనీ, ఆ చక్రం మొత్తం నెమ్మదిగా కదులుతుందనీ చెప్పడానికి ఇంతకంటే మంచి రుజువు ఆ రోజుల్లో దొరకదు.

పరికరాల కొలతలు ఎక్కువగా ఈస్టిండియా కంపెనీ ఓడల్లో దొరుకుతాయి. 18వ శతాబ్దం చివర్లో వాటిలో కొన్నింటికి బారోమీటర్లు, థర్మామీటర్లు చేరాయి. బ్రిటిష్ లైబ్రరీలో ఉన్న ఆ కంపెనీ లాగ్‌బుక్కుల నుంచి, 1789కీ 1834కీ మధ్య ఇంగ్లండ్ నుంచి భారతదేశానికో చైనాకో వెళ్లివచ్చిన ఓడలవి 891 తీసుకుని, 2 లక్షల 73 వేల కొత్త వాతావరణ రికార్డులు కంప్యూటర్‌లోకి ఎక్కించారు. ఫలితం 2012లో అచ్చయింది. 1809లో ఎక్కడో పేలిన అగ్నిపర్వతం, 1815లో ఇండోనేషియాలో పేలిన టంబోరా ఈ కాలంలోనివే. వాటి తర్వాత సముద్రం మీద చల్లబడటం అర డిగ్రీ సెల్సియస్ దరిదాపుల్లోనే ఉన్నట్టు ఆ అంకెలు చూపించాయి. టంబోరా దెబ్బకు యూరప్‌లో వేసవి లేని ఏడాదిగా పేరుపడ్డ 1816 గురించి చదివినవాళ్లకు ఇది కొంచెం ఆశ్చర్యమే. ఒక ఖండంలో పంటలు పోయినంత మాత్రాన భూమంతా అదే స్థాయిలో చల్లబడిందని అనుకోవడానికి లేదు.

బారోమీటర్ అంకెకు ఇంకో ప్రయోజనం ఉంది. ఉపరితల వాయుపీడనం, సముద్రపు వేడి, మంచు విస్తీర్ణం ఇస్తే చాలు, మిగతా వాతావరణం మొత్తాన్ని ఆకాశంలో పైదాకా లెక్కకట్టే రీఅనాలిసిస్ మోడళ్లు ఇప్పుడున్నాయి. అమెరికాలో తయారైన ట్వెంటీయత్ సెంచురీ రీఅనాలిసిస్ పేరుకు ఇరవయ్యో శతాబ్దమే గానీ, దాని మూడో వెర్షన్ 1836 నుంచి మొదలవుతుంది. ఖాళీ సముద్రం మధ్యలో ఒక్క ఓడ ఇచ్చిన పీడనం అంకె అక్కడి తుపాను స్థానాన్ని వందల కిలోమీటర్లు సరిచేయగలదు.

ఇక్కడో మాట చెప్పాలి. ఈ రంగంలో బయటపడ్డ పెద్ద తప్పుల్ని పక్కపక్కన పెట్టి చూస్తే పాత నావికులది పెద్దగా దోషం కనిపించదు. తర్వాత వాటిని పట్టుకున్నవాళ్లవే ఎక్కువ. సముద్రపు నీటి ఉష్ణోగ్రత సంగతే చూడండి. బకెట్‌తో నీళ్లు తోడి అందులో థర్మామీటర్ పెట్టేవాళ్లు. చెక్క బకెట్ వేడిని నిలుపుతుంది, కాన్వాస్ గుడ్డ బకెట్‌లో నీళ్లు ఆవిరై డెక్ మీదికి చేరేసరికే చల్లబడతాయి. ఆవిరి ఓడలు వచ్చాక ఇంజిన్ చల్లబరచడానికి లోపలికి తీసుకునే నీటిని కొలవడం మొదలుపెట్టారు. ఇంజిన్ గది వేడి వల్ల అది కాస్త ఎక్కువ చూపిస్తుంది. ప్రపంచ సగటు ఉష్ణోగ్రతల గ్రాఫ్‌లో 1945 చివర్లో దాదాపు 0.3 డిగ్రీల పతనం ఒకటి చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదు. 2008లో దాని గుట్టు తేలింది. యుద్ధకాలంలో రికార్డుల్లో సుమారు ఐదింట నాలుగు వంతులు అమెరికా ఓడలవి, అవి ఎక్కువగా ఇంజిన్ నీటిని కొలిచేవి. యుద్ధం ముగియగానే బ్రిటిష్ ఓడల వాటా సగానికి పెరిగింది, వాళ్లది బకెట్. సముద్రం చల్లబడలేదు, కొలిచేవాళ్లు మారారు.

జపాన్ ఓడల కథ ఇంకా చిత్రం. అక్కడి నావికులు ఉష్ణోగ్రతను డిగ్రీలో పదో వంతు దాకా రాశారు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత అమెరికా వాయుసేన ఆ రికార్డుల్లో కొన్నింటిని పంచ్ కార్డుల్లోకి (అంకెలను చిల్లులుగా పొడిచే అట్టముక్కల్లోకి) ఎక్కిస్తూ దశాంశ బిందువు తర్వాతి అంకెను కొట్టేసింది. దగ్గరి పూర్ణాంకానికి మార్చినా ఇంత నష్టం ఉండేది కాదు, కిందికే కోసేశారు. 18.9 కూడా 18 అయిపోయింది. దాంతో 1930 దశకపు ఉత్తర పసిఫిక్ లేనిపోని చల్లదనం తెచ్చుకుంది. ఈ సంగతి 2019లో తేలింది. సవరించాక, ఉత్తర పసిఫిక్‌కూ ఉత్తర అట్లాంటిక్‌కూ మధ్య వేడెక్కిన తీరులో అంతదాకా సిద్ధాంతాలకు అందని తేడా చాలావరకు తగ్గిపోయింది. జాగ్రత్తగా రాసినవాడి కష్టాన్ని ఎక్కడో కార్డులు కొట్టినచోట కోసేశారు, అంతే.

రికార్డులున్న చోట్లలోనూ సమానత్వం లేదు. ఓడలు గాలి ఉన్న దారుల్లోనే వెళ్లాయి, తుపాను వస్తుందంటే తప్పుకున్నాయి. 1869లో సూయజ్ కాలువ తెరిచాక ఆఫ్రికా దక్షిణ కొస మీదుగా వెళ్లే రాకపోకలు తగ్గి, ఆ సముద్రంలో రికార్డులు పలచబడ్డాయి. మంచు సముద్రాల్లో వాణిజ్య ఓడలకు పనే లేదు. అక్కడ తిమింగిలాల వేటగాళ్లు, ధ్రువ యాత్రికులు, హడ్సన్ బే కంపెనీ బొచ్చు వ్యాపారులే దిక్కు. స్కాట్, షాకిల్టన్ కాలపు అంటార్కిటిక్ యాత్రల పుస్తకాల్లో మంచు అంచు ఎక్కడ ఎదురైందో చూసి 2016లో ఒక లెక్క తేల్చారు. వందేళ్ల కిందట అక్కడ వేసవి మంచు ఇప్పటికంటే మహా అయితే 14 శాతం ఎక్కువ. ఉత్తర ధ్రువం వైపు వెళ్లిన అమెరికా ఓడ జెనెట్ 1881లో మంచు మధ్య నలిగి మునిగిపోయింది. దాని కెప్టెన్ డి లాంగ్ ఆకలితో చనిపోయేదాకా లాగ్‌బుక్కులను మోయించుకుంటూ నడిచాడు. ఆ రికార్డులు ఇప్పుడు కంప్యూటర్‌లో ఉన్నాయి.

వాటిని ఎక్కించింది చాలావరకు మామూలు జనం. 2010లో మొదలైన ఓల్డ్ వెదర్ అనే ప్రాజెక్టులో లాగ్‌బుక్ పేజీల ఫొటోలు ఇంటర్నెట్‌లో పెట్టారు. ఇంట్లో కూర్చుని చదవగలిగిన వేలమంది వాలంటీర్లు మొదటి ప్రపంచయుద్ధం నాటి బ్రిటిష్ నౌకాదళ పుస్తకాల నుంచే 16 లక్షల వాతావరణ పరిశీలనలు రాసిపెట్టారు. పొరపాటు తెలిసేలా ఒకే పేజీని ఒకరికి మించి చదివేవాళ్లు. ఇవన్నీ చివరికి చేరేది ఐకోడ్స్ అనే అంతర్జాతీయ భాండాగారానికి. అందులో 1662 నుంచి మొదలుపెట్టి 45 కోట్లకు పైగా సముద్ర రికార్డులున్నాయి. వినడానికి బోలెడు. కానీ అత్యధిక భాగం ఇటీవలి దశాబ్దాలవి. 1850కి ముందు కాలానికి వస్తే, దక్షిణ పసిఫిక్‌లో నెలల తరబడి ఒక్క అంకె కూడా లేని చోట్లు బోలెడు.

చేతిరాత చదివే ప్రోగ్రాములు ఇప్పుడు ఈ పనిలోకి దిగుతున్నాయి. వ్యాఖ్యల గడిలోని వాక్యాలను అవి బాగానే పట్టుకుంటాయి, ఎందుకంటే ఒక అక్షరం తప్పినా చుట్టూ ఉన్న మాటలు సరిదిద్దుతాయి. అంకెకు ఆ ఆసరా లేదు. 1ని 7 అని చదివినా పట్టిక అలాగే అందంగా ఉంటుంది. అందుకని బారోమీటర్ గడుల దగ్గర మాత్రం, గంట ముందూ గంట తర్వాతా ఉన్న అంకెలతో పోల్చి అనుమానం వచ్చిన ప్రతి గడినీ మళ్లీ ఒక మనిషి కళ్లతో చూడాల్సి వస్తోంది.